నిజామాబాద్ ఓటు: డి. శ్రీనివాస్ గారి గెలుపోటములు

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛనుదారుల సభలో డి.ఎస్. అనగానే మొదట చేతులెత్తి మొక్కవలసింది డి.ఎస్. నకారాగారికి. పింఛను ఎవరో దయతలచి పెట్టే భిక్ష కాదని 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు చేత చెప్పించింది ఆయన కేసే. ఆ తేదీనే మనం ఏటా పండుగలా జరుపుకుంటున్నాం. అయితే కార్యదర్శిగారు నాకు అప్పగించినది ఇంకొక డి.ఎస్. గురించి. మన జిల్లా ధర్మపురి శ్రీనివాస్ గారి గురించి. "మాకు రాజకీయ ఉపన్యాసం వద్దు సార్, లెక్కలు చెప్పండి, ఎన్నికల డ్యూటీలు చేసిన మనిషి గదా మీరు" అన్నారు. నేను ఏ పార్టీ మనిషినీ కాను. ముప్ఫై ఏళ్లు రెవెన్యూలో పనిచేసినవాడికి అన్ని జెండాలూ ఒకే తీరుగా కనబడతాయి. కాబట్టి లెక్కలే చెబుతాను. మధ్యలో నా అభిప్రాయం తొంగిచూస్తే పెద్దలు మన్నించాలి.

శ్రీనివాస్ గారు 1948లో పుట్టారు. వేల్పూరువారు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివారు. కొంతకాలం రిజర్వు బ్యాంకులో ఉద్యోగం చేశారు. జిల్లా నాయకులు అర్గుల్ రాజారాం గారి ప్రోత్సాహంతో ఆ ఉద్యోగం వదిలి రాజకీయాల్లోకి వచ్చారని అందరూ చెప్పుకునే మాట. నెల తిరగ్గానే జీతం వచ్చే రిజర్వు బ్యాంకు కుర్చీని వదిలి, ఐదేళ్లకోసారి జనం ముందు నిలబడి పరీక్ష రాసే కొలువులో చేరడం మనబోటివాళ్లకు వింతగానే ఉంటుంది. మనకు సర్వీసు రిజిస్టరు ఉంటుంది, ఇంక్రిమెంట్లు ఉంటాయి. ఆయన సర్వీసు రిజిస్టరంతా ఓట్ల లెక్కింపు కాగితాల్లో ఉంది. దానినే మనం ఇవాళ ఒకసారి తిరగేద్దాం.

1983, 1985 ఎన్నికల్లో నిజామాబాద్ స్థానం తెలుగుదేశానిది. డి. సత్యనారాయణ గారు గెలిచారు. 1989లో రాష్ట్రంలో గాలి మళ్లింది. కాంగ్రెస్‌కు 181 స్థానాలు వచ్చాయి. ఎన్.టి. రామారావు గారు అంతటివారు హిందూపురంలో గెలిచి, కల్వకుర్తిలో చిత్తరంజన్‌దాస్ గారి చేతిలో ఓడిపోయారు. ఆ ఏడే శ్రీనివాస్ గారు మొదటిసారి శాసనసభ్యులయ్యారు, మంత్రి కూడా అయ్యారు. 1994లో మళ్లీ గాలి మారింది. రాష్ట్రం మొత్తం మీద కాంగ్రెస్‌కు మిగిలినవి 26 స్థానాలు. నిజామాబాద్ తెలుగుదేశం అభ్యర్థి సతీష్ పవార్ గారి పరమైంది. బోధన్‌లో బషీరుద్దీన్ బాబూఖాన్ గారు గెలిచారు.

ఇంతవరకు చెప్పుకోవలసిన విశేషం ఏమీ లేదు. గాలి ఎటు వీస్తే పట్నం అటే ఒరిగింది. అసలు కథ 1999 నుంచి మొదలవుతుంది.

1999లో రాష్ట్రంలో మళ్లీ గెలిచింది తెలుగుదేశమే, 180 స్థానాలతో. పైగా ఈసారి భారతీయ జనతా పార్టీ కూడా వారితో కలిసింది. కార్గిల్ యుద్ధం అయిన ఏడు. వాజ్‌పేయి గారి పేరు గల్లీగల్లీనా మోగుతోంది. కాంగ్రెస్‌కు రాష్ట్రమంతా కలిపి 91. ఆ 91లో ఒకటి నిజామాబాద్, ఇంకొకటి బోధన్. ఇక్కడ శ్రీనివాస్ గారు, అక్కడ పి. సుదర్శన్ రెడ్డి గారు. సుదర్శన్ రెడ్డి గారు శాసనసభకు వెళ్లడం అదే మొదలు. ఏటికి ఎదురీది గెలవడమంటే ఇది. గాలివాటున గెలిచినవాడి ఓట్లలో సగం గాలివే అనుకోవచ్చు. ఎదురుగాలిలో గెలిచినవాడి ఓట్లు మాత్రం అచ్చంగా ఆయనవే. అందుకని శ్రీనివాస్ గారు గెలిచిన మూడు ఎన్నికల్లో నేను 1999కే ఎక్కువ మార్కులు వేస్తాను.

2004 నాటికి ఆయన ప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్షులు. రాజశేఖరరెడ్డి గారి పాదయాత్ర, తెలంగాణ రాష్ట్ర సమితితో పొత్తు, పదేళ్ల పాలన మీద జనానికి విసుగు, అన్నీ కలిసొచ్చాయి. కాంగ్రెస్‌కు 185 వచ్చాయి, తెలుగుదేశం 47కు పడిపోయింది. శ్రీనివాస్ గారు ఇక్కడ గెలిచి ఉన్నత విద్యామంత్రి అయ్యారు. ఆ ఐదేళ్లలో మన జిల్లాకు ఉన్న పలుకుబడి అంతకుముందు ఎన్నడూ లేదు. బాల్కొండ నుంచి గెలిచిన సురేష్ రెడ్డి గారు శాసనసభాపతి. షబ్బీర్ అలీ గారు మంత్రి. శ్రీనివాస్ గారు మంత్రి, పార్టీలో పెద్ద. హైదరాబాదు సచివాలయంలో "నిజామాబాద్ నుంచి వచ్చాం" అంటే అటెండరు కూడా లేచి కుర్చీ చూపించేవాడని మన మిత్రులు చెప్పుకునేవారు. 2005లో పురపాలక సంఘం నగరపాలక సంస్థ అయింది. మొదటి మేయరు శ్రీనివాస్ గారి పెద్దకుమారుడు సంజయ్ గారు. 2006లో తెలంగాణ విశ్వవిద్యాలయం వచ్చింది.

ఈ విశ్వవిద్యాలయం దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. అది వచ్చినప్పుడు ఉన్నత విద్యామంత్రి మన పట్నపు శాసనసభ్యుడే. దాని ప్రాంగణం డిచ్‌పల్లిలో. ఆ తరువాత నియోజకవర్గాల పునర్విభజన జరిగింది. మన స్థానానికి నిజామాబాద్ అర్బన్ అని పేరు వచ్చింది. పాత డిచ్‌పల్లి స్థానం పోయి నిజామాబాద్ రూరల్ అయింది. విశ్వవిద్యాలయం రూరల్‌లో ఉండిపోయింది. ఎన్నికల్లో చెప్పుకోవడానికి ఆయనకున్న పెద్ద పని సరిహద్దు గీతకు అవతల ఉంది. గీతకు ఇవతల ఉన్నవి మోరీలు, నల్లా నీళ్లు, రేషన్ కార్డులు, బీడీ కార్మికుల గోడు. చిన్న విషయమే కావచ్చు, మ్యాపులు చూసినవాణ్ణి కనుక నాకు అది చిన్నదిగా తోచలేదు.

ఇక 2009. మన ప్రాంతంలో ఏప్రిల్ 16న పోలింగు, మే 16న లెక్కింపు. ఆయన మళ్లీ ప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్షులుగా ఉన్నారు. పెద్దలకు గుర్తుండే ఉంటుంది, ఒక పక్క తెలుగుదేశం, తెలంగాణ రాష్ట్ర సమితి, వామపక్షాల మహాకూటమి, ఇంకో పక్క చిరంజీవి గారి ప్రజారాజ్యం, మరో పక్క ఒంటరిగా నిలబడ్డ భారతీయ జనతా పార్టీ. లెక్కింపు హాల్లోకి మనకు ఫోన్లు అనుమతి లేదు. బయట పటాకులు కాలుతున్నాయి, ఎవరివో తెలియదు. రౌండు రౌండుకూ బోర్డు మీద అంకెలు మారుతుంటే మా టేబుల్ దగ్గర ఒక ఏజెంటు చెమట తుడుచుకుంటూ "ఇంకా మా వార్డులు రాలే సార్" అంటూనే ఉన్నాడు. ఆ వార్డులూ వచ్చాయి. పటాకులు కాల్చినది రెండు పక్షాలవారూ అని బయటికొచ్చాక తెలిసింది. రాష్ట్రంలో కాంగ్రెస్ 156 స్థానాలతో మళ్లీ అధికారంలోకి వచ్చింది. ఆ పార్టీ అధ్యక్షుడు సొంత పట్నంలో ఓడిపోయాడు. గెలిచినది భారతీయ జనతా పార్టీ అభ్యర్థి ఎండల లక్ష్మీనారాయణ గారు, పదివేలకు పైగా ఓట్ల తేడాతో. ఆ ఎన్నికల్లో ఆ పార్టీకి 294 స్థానాల్లో దక్కినవి రెండే. ఒకటి అంబర్‌పేట, రెండవది మనది.

తక్కిన జిల్లా సంగతి కూడా చూడండి. అప్పటి ఉమ్మడి జిల్లాలో తొమ్మిది స్థానాలు. తెలుగుదేశానికి ఐదు. తెలంగాణ రాష్ట్ర సమితికి ఒకటి, ప్రజారాజ్యానికి ఒకటి, భారతీయ జనతా పార్టీకి ఒకటి. కాంగ్రెస్‌కు ఒకే ఒక్కటి, బోధన్. సభాపతి సురేష్ రెడ్డి గారు ఓడారు. షబ్బీర్ అలీ గారు ఓడారు. నిలబడ్డది సుదర్శన్ రెడ్డి గారు ఒక్కరే. అదే రోజు, అదే పోలింగు కేంద్రంలో, పక్క యంత్రం మీద నొక్కిన పార్లమెంటు ఓట్లలో నిజామాబాద్ లోక్‌సభ స్థానం మాత్రం కాంగ్రెస్ అభ్యర్థి మధుయాష్కీ గారిదే అయింది. దీనిని బట్టి నాకు తోచేది ఏమంటే, జనం పార్టీని కాదనలేదు. తమ జిల్లాలో పెద్ద కుర్చీల్లో కూర్చున్నవారిని కాదన్నారు. వేరే జిల్లాల్లో ఇదే పార్టీకి చెప్పుకోదగ్గ స్థానాలే వచ్చాయి. ముగ్గురు పెద్దలున్న మన జిల్లాలోనే ముగ్గురూ పడిపోయారు.

ఎందుకిలా? కోటగల్లీలో ఒక పెద్దమనిషి నాతో అన్నమాట చెబుతాను. "పెద్దసారు గెలిస్తే రాష్ట్రానికి దొరుకుతడు, మాకు దొరకడు" అన్నాడాయన. రాష్ట్రమంతా తిరిగి టికెట్లు పంచే మనిషి సొంత పట్నంలో పెళ్లికీ చావుకూ రాలేడు. వచ్చినా చుట్టూ పదిమంది ఉంటారు. అది ఆయన తప్పని నేను అనను. ఆ పని తీరే అంత. కానీ ఓటరు చేతిలో ఉన్నది రాష్ట్రం కాదు, తన గల్లీ. వాడు తన గల్లీకే ఓటు వేస్తాడు.

ఇది మన దగ్గరే జరిగే వింత కాదు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా అనే రాష్ట్రం ఉంది. మన ముఖ్యమంత్రిని వాళ్లు ప్రీమియర్ అంటారు. 2013 మే 14న అక్కడి ఎన్నికల్లో ప్రీమియర్ క్రిస్టీ క్లార్క్ గారు తన పార్టీని గెలిపించి, వాంకూవర్ నగరంలోని పాయింట్ గ్రే స్థానంలో తాను ఓడిపోయారు. ఆమెను ఓడించిన డేవిడ్ ఈబీ గారు 2022లో అక్కడే ప్రీమియర్ అయ్యారు. మన దేశంలో 2021లో మమతా బెనర్జీ గారు బెంగాల్‌ను గెలిచి నందిగ్రామ్‌లో ఓడారు. ఆ తరువాత వాళ్లిద్దరూ ఏం చేశారు? క్లార్క్ గారు రెండు నెలలకే దూరంగా ఉన్న వెస్ట్‌సైడ్ కెలోనాలో ఉప ఎన్నికకు నిలబడి గెలిచారు. మమతా గారు భవానీపూర్‌కు తిరిగి వెళ్లి గెలిచారు. ఓడించిన చోటును వదిలి, గెలిచే చోటు వెతుక్కున్నారు. అందులో తప్పేమీ లేదు, పదవి నిలవాలంటే తప్పదు.

శ్రీనివాస్ గారికి వచ్చిన ఉప ఎన్నిక అలాంటిది కాదు. 2009 సెప్టెంబరులో రాజశేఖరరెడ్డి గారు పోయారు. ఆ నవంబరు చివర కేసీఆర్ గారి నిరాహార దీక్ష, డిసెంబరు 9 ప్రకటన, దాని నుంచి వెనక్కి తగ్గడం, ఊరూరా జేఏసీలు. అప్పుడు సర్వీసులో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు, మనమూ రోడ్డు మీద ఉన్నవాళ్లమే. తెలంగాణ కోసం రాజీనామా చేసిన సభ్యుల స్థానాల్లో 2010 జూలై 27న పన్నెండు ఉప ఎన్నికలు జరిగాయి. రాజీనామా చేసినవారిలో లక్ష్మీనారాయణ గారు ఒకరు. ఆయన మీద కాంగ్రెస్ అభ్యర్థిగా శ్రీనివాస్ గారే దిగారు. తెలంగాణ రాష్ట్ర సమితి ఇక్కడ పోటీ పెట్టకుండా భారతీయ జనతా పార్టీకి మద్దతిచ్చింది.

పార్టీ అధ్యక్షుడై ఉండి, ఏడాది కింద ఓడించిన చోటే, అందునా గాలి పూర్తిగా ఎదురు తిరిగిన రోజుల్లో ఆయన ఎందుకు నిలబడ్డారని ఆనాడే చాలామంది ముక్కున వేలేసుకున్నారు. అధిష్ఠానం చెప్పిందన్నారు కొందరు, పంతమన్నారు కొందరు. కారణం ఏదైనా ఓడించిన ఓటరు ముందుకే తిరిగి రావడానికి గుండె కావాలి. ఫలితం మాత్రం మారలేదు. పన్నెండింట పదకొండు తెలంగాణ రాష్ట్ర సమితివి, పన్నెండవది మన పట్నం. ఈసారీ తేడా పదివేలకు పైమాటే.

పైకి చూస్తే రెండు ఓటములూ ఒకే మనిషి చేతిలో, ఒకే చోట, దగ్గరదగ్గర తేడాలతో వచ్చినవి. కానీ వాటిని ఒకే ఖాతాలో రాయకూడదని నా మనవి. 2009లో జనం శాసనసభ్యుణ్ణి ఓడించారు. 2010లో ఓటు తెలంగాణకు పడింది. ఎదురుగా ఎవరు నిలబడ్డా అంతే జరిగేది. మొదటిది ఆయన లెక్క. రెండవది ఆయన పార్టీ లెక్క.

2014లో ఆయన అర్బన్ వదిలి నిజామాబాద్ రూరల్‌కు వెళ్లారు, విశ్వవిద్యాలయం ఉన్న వైపుకు. అక్కడ తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థి బాజిరెడ్డి గోవర్ధన్ గారి చేతిలో ఓడిపోయారు. అర్బన్‌లో బిగాల గణేష్ గుప్తా గారు, బోధన్‌లో షకీల్ గారు, ఇద్దరూ అదే పార్టీ. 2009లో ఒంటరిగా నిలబడ్డ సుదర్శన్ రెడ్డి గారిని కూడా ఆ గాలి తీసుకుపోయింది. కొత్త రాష్ట్రం వచ్చిన ఏడు అది, దాని గురించి ఎక్కువ చెప్పేది లేదు.

ఆ తరువాత శ్రీనివాస్ గారు శాసనమండలిలో ప్రతిపక్ష నాయకులుగా ఉన్నారు. 2015లో తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరారు. 2016 నుంచి 2022 వరకు రాజ్యసభలో ఉన్నారు. 2018లో సొంత పార్టీ జిల్లా నాయకులే ఆయన మీద చర్య తీసుకోమని ముఖ్యమంత్రికి లేఖ రాశారు. ఇవన్నీ పత్రికల్లో చదివినవే. నేను గమనించింది ఒక్కటే. ప్రజల ఓటుతో ఆయన గెలిచిన చివరి ఎన్నిక 2004ది. ఆ పైన వచ్చిన పదవులన్నీ సభ్యులు ఎన్నుకుంటేనో, పార్టీ ఇస్తేనో వచ్చినవి. 1999లో ఎదురీది గెలిచిన మనిషికి ఇది లోపల ఎలా ఉండి ఉంటుందో నేను ఊహించగలను, చెప్పలేను.

2019 లోక్‌సభ ఎన్నిక గురించి రెండు మాటలు చెప్పకపోతే ఎన్నికల డ్యూటీ చేసిన మిత్రులు నన్ను వదలరు. పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర లేదని రైతులు పోటీగా నామినేషన్లు వేశారు. అభ్యర్థులు 185 మంది, అందులో 178 మంది రైతులే. ఒక్కో పోలింగు కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు పేర్చవలసి వచ్చింది. ఓటరు తన గుర్తును వెతుక్కుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. అటువంటి ఎన్నికలో ముఖ్యమంత్రి కుమార్తె కవిత గారిని డెబ్భై వేల పైచిలుకు ఓట్లతో ఓడించినది శ్రీనివాస్ గారి చిన్నకుమారుడు అర్వింద్ గారు, భారతీయ జనతా పార్టీ తరఫున. అప్పుడు తండ్రి తెలంగాణ రాష్ట్ర సమితి రాజ్యసభ సభ్యులే. తండ్రిని రెండుసార్లు ఓడించిన పార్టీ గుర్తు మీదే కొడుకు గెలిచాడు. 2024లో మళ్లీ గెలిచారు. పసుపు బోర్డు కూడా చివరికి నిజామాబాద్‌కే వచ్చింది, 2025లో.

ఇప్పుడు 2009 కాగితం పక్కన 2023 కాగితం పెట్టి చూడండి. 2009లో రాష్ట్రం కాంగ్రెస్, బోధన్ కాంగ్రెస్, పట్నం భారతీయ జనతా పార్టీ. 2023లో రాష్ట్రం కాంగ్రెస్, బోధన్ కాంగ్రెస్, పట్నం భారతీయ జనతా పార్టీ. బోధన్‌లో మళ్లీ సుదర్శన్ రెడ్డి గారు, ఇక్కడ ధన్‌పాల్ సూర్యనారాయణ గుప్తా గారు. ఈసారి పట్నంలో ఓడిన కాంగ్రెస్ పెద్ద షబ్బీర్ అలీ గారు. పద్నాలుగేళ్ల తరువాత పాతికేళ్లు నిండని కొత్త ఓటర్లు ఎందరో చేరినా, రాష్ట్రమే రెండు ముక్కలైనా, కాగితం అదే తీరుగా వచ్చింది. కాబట్టి 2009ని ఒక్క మనిషి ఓటమిగా చూస్తే మనకు సగమే అర్థమవుతుంది. పట్నం, చెరుకు ప్రాంతం, రెండూ ముప్ఫై కిలోమీటర్ల లోపే ఉన్నా ఓటు వేసే లెక్కలు వేరు.

శక్కర్‌నగర్ మిత్రులు ఇక్కడ ఉన్నారు కనుక వారి ముందు ఆ మాట జాగ్రత్తగా చెబుతాను. బోధన్‌లో ప్రతి ఎన్నికా ఫ్యాక్టరీ ఎన్నికే. 1937లో మొదలైన నిజాం చక్కెర ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఫ్యాక్టరీ, 2002లో ప్రైవేటు భాగస్వాముల చేతిలోకి పోయింది, 2015 డిసెంబరు 23న లేఆఫ్ పడింది. ఆ నడుమ ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా ఓటరు అడిగింది ఒకటే ప్రశ్న: సైరన్ మళ్లీ మోగుతుందా? 2024లో కొత్త ప్రభుత్వం దీనిపై వేసిన కమిటీలో సుదర్శన్ రెడ్డి గారూ సభ్యులు. అక్కడ శాసనసభ్యుణ్ణి తూచే రాయి ఒక్కటే, అందరికీ కనిపించేది. పట్నంలో అలాంటి రాయి లేదు. గంజ్‌లో ఒక తూకం, అహ్మద్‌పురాలో ఒక తూకం, వినాయక్‌నగర్‌లో ఇంకో తూకం. ఇన్ని తూకాల్లో ఒక మనిషి మూడుసార్లు సరితూగడమే నా దృష్టిలో పెద్ద విశేషం.

శ్రీనివాస్ గారు 2024 జూన్ 29న హైదరాబాదులో కన్నుమూశారు. మరునాడు నిజామాబాద్‌లో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. సరిగ్గా ఏడాదికి ఆయన విగ్రహాన్ని కేంద్ర హోంమంత్రి అమిత్ షా గారు మన పట్నంలో ఆవిష్కరించారు. రెండుసార్లు కాంగ్రెస్‌ను గెలిపించిన అధ్యక్షుడి విగ్రహానికి తెర తీసినది భారతీయ జనతా పార్టీ నాయకుడు. ఈ పట్నం ఓటు ఎంత మెలికలు తిరిగిందో చెప్పడానికి నా ఉపన్యాసం కంటే ఆ ఒక్క దృశ్యం చాలు.

చివరగా సంఘానికి ఒక మనవి ఉంది. యంత్రాలు వచ్చాక బూతువారీ లెక్క ఫారం 20లో స్పష్టంగా దొరుకుతోంది. ఏ గల్లీ ఎటు పోయిందో నాయకుడికీ తెలుసు, ఆయనకు తెలుసునని గల్లీకీ తెలుసు. బ్యాలెట్ల కాలంలో ఈ వివరం అంతగా ఉండేది కాదు. అనేక చోట్ల పెట్టెలన్నీ కలిపి, కట్టలు కట్టి లెక్కించేవాళ్లం. అందుకని 1989, 1994, 1999 సంగతులు కాగితాల మీద తక్కువ, మన జ్ఞాపకాల్లో ఎక్కువ. ఆ ఎన్నికల్లో ప్రిసైడింగ్ అధికారులుగా, లెక్కింపు సహాయకులుగా పనిచేసినవారిలో చాలామంది ఎనభై దాటారు. ఏ బూతులో ఎంత పోలింగు జరిగింది, బారు ఎంత పొడవు, ఎక్కడ గొడవైంది, ఎవరు ఏ మాట అన్నారు అన్నది ఎవరికి వారు ఒక కాగితం మీద రాసి కార్యదర్శిగారికి ఇవ్వండి. చేయి వణికేవారు చెప్పండి, మనవలు రాస్తారు. పాత డ్యూటీ ఆర్డర్లు, డైరీలు బీరువాల్లో ఉంటే పారేయకండి. బోధన్ మిత్రులు తమవి శక్కర్‌నగర్ శాఖ వద్ద ఇచ్చినా చేరతాయి. వచ్చే సంక్రాంతి లోపల ఇస్తే ఈ ప్రత్యేక సంచిక తరువాతి సంచికలో అచ్చువేస్తామని సంపాదకవర్గం మాట ఇచ్చింది.

 భోజనాలు సిద్ధమయ్యాయని అటునుంచి సైగ చేస్తున్నారు. సెలవు.